పాత బండికి దగ్గొచ్చిందా? ఇంజను దించే ముందు ఇవి చూడండి

చుండూరు: తెల్లవారకముందే పాల క్యాన్లు కట్టుకుని బయల్దేరిన బండి ఊరు దాటీ దాటకముందే ‘టక్.. టక్.. బుస్’ మంటుంది. రైలు గేటు దాకా వచ్చేసరికి ఇంకో రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. వెనక ట్రాక్టరు హారను మోగుతూనే ఉంటుంది. చుట్టూ చేరినవాళ్లు తలో మాట అంటారు. ‘‘ప్లగ్గు పోయింది’’ అంటాడొకడు. ‘‘కార్బొరేటర్ కడిగించు బాబాయ్’’ అంటాడు ఇంకొకడు. ‘‘దీని పనైపోయింది. ఇంజను దించాల్సిందే’’ అని మూడోవాడు తీర్పు చెప్పేస్తాడు.

చుండూరు, మోదుకూరు, వలివేరు.. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లో అయినా ఇది కొత్త ముచ్చట కాదు. పొలానికి వెళ్లాలన్నా, తెనాలి మార్కెట్టుకు బస్తా వేసుకుని పోవాలన్నా పాత బండే దిక్కయిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ బండి ‘మిస్సు’ కొడుతుంటే ఇంటాయన మనసు కూడా మిస్సు కొడుతుంది. పని ఆగిపోతుందన్న బెంగ ఒకటి, షెడ్డులో ఎంత బిల్లవుతుందోనన్న భయం ఇంకొకటి.

గేటు దగ్గర ఆ ముగ్గురు చెప్పిందీ నిజమే కావచ్చు. మూడూ కాకపోనూవచ్చు. ముగ్గురి మాటా విని మూడూ మార్పించేస్తే చేతి డబ్బు వదులుతుంది గానీ జబ్బు ఏదో మాత్రం తెలియదు. వరస తప్పకుండా చూసుకుంటూ పోతే చాలా దగ్గులు రెంచి, ప్లగ్గు పానా, చిన్న గాజు సీసాతోనే దొరికిపోతాయి. పైసా ఖర్చులేని పరీక్ష ముందు, వేల రూపాయల పని చివర.. ఇదీ ఆ వరస.

అసలు ‘మిస్సు’ అంటే?

ఇంజను సిలిండరులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం చేరుతుంది. పిస్టన్ దాన్ని నొక్కుతుంది. సరిగ్గా ఆ వేళకు ప్లగ్గు నిప్పు వేస్తుంది. మిశ్రమం మండి పిస్టన్‌ను తోస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, సెకనుకు 25 సార్లు ఈ మంట రావాలి. అందులో ఒకటి రెండు తప్పిపోతే బండి కుదుపు ఇస్తుంది. మండకుండా పోయిన పెట్రోలు వేడి సైలెన్సరులోకి వెళ్లి అక్కడ అంటుకుంటుంది. మనకు వినిపించే ‘ఢాం’ అదే. అంటే మిస్సు కొట్టిన ప్రతిసారీ మనం కొన్న పెట్రోలు సైలెన్సరు పాలవుతోందన్నమాట.

మంట తప్పడానికి కారణాలు నాలుగు చోట్ల ఉంటాయి. పెట్రోలు సరిగా అందకపోవడం, నిప్పు సరిగా పడకపోవడం, గాలి ఎక్కువ తక్కువలు కావడం, నొక్కుడు చాలకపోవడం. కొత్త బండిలో సాధారణంగా ఒక్కటే లోపం ఉంటుంది. పాత బండితో చిక్కేమిటంటే నాలుగూ తలా కాస్త అరిగి ఉంటాయి. ఒక్కొక్కటీ విడిగా అయితే బండిని ఆపేంతటిది కాదు. అన్నీ కలిసేసరికి దగ్గు మొదలవుతుంది. ఒక సామాను మార్చినా పూర్తిగా నయం కానిది అందుకే.

ఎప్పుడు దగ్గుతోందో గుర్తుపట్టండి

డాక్టరు ముందు అడిగే ప్రశ్నే ఇక్కడా అడగాలి. జ్వరం పొద్దున వస్తోందా, రాత్రి వస్తోందా? బండి కూడా ఎప్పుడు దగ్గుతోందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

మంచు పడే పొద్దున మాత్రమే దగ్గి, ఎండెక్కాక సర్దుకుంటే ప్లగ్గు క్యాపులో, తీగలో తేమ చేరిందేమో చూడాలి.

స్లోలో ఆగిపోతూ, యాక్సిలేటరు తిప్పితే బాగుంటే పైలట్ జెట్టు మూసుకుపోయిందనో, కార్బొరేటర్ అతుకు దగ్గర దొంగగాలి లాగుతోందనో అనుకోవాలి.

ఖాళీగా బాగా పోతూ, బస్తా వేసినప్పుడూ వంతెన ఎక్కేటప్పుడూ మిస్సు కొడితే పెట్రోలు చాలడం లేదు, లేదా ప్లగ్గులో నిప్పు బలహీనంగా ఉంది.

గతుకుల్లో మాత్రమే దగ్గితే ఎక్కడో తీగ వదులైంది. తాళం స్విచ్చి, ఎర్తు తీగ, బ్యాటరీ తీగల మొనలు చూడండి. ధాన్యం ఉన్న కొట్టులో బండి పెట్టేవాళ్లు ఎలుకలు తీగలు కొరికాయేమో కూడా చూసుకోవాలి.

రెండు మూడు కిలోమీటర్లు నడిచాక ఆగిపోయి, పది నిమిషాలు నిలబెడితే మళ్లీ బయల్దేరే బండి సంగతి వేరు. దాని కథ ముందుకెళ్లాక చెప్పుకుందాం.

ఇంకో మాట. రాజ్‌దూత్, యెజ్డీ, యమహా ఆర్ఎక్స్ 100 వంటి రెండు స్ట్రోకుల బండ్లు యాక్సిలేటరు కొంచెమే తెరిచి నిదానంగా పోయేటప్పుడు ఒక చుట్టు మండి, ఒక చుట్టు వదిలేయడం మామూలే. కాస్త యాక్సిలేటరు తిప్పగానే శబ్దం సర్దుకుంటే దాన్ని రోగం అనుకోవద్దు.

మొదట పెట్రోలు దారి

ముందుగా ట్యాంకు కాకు కింద పైపు తీసి, సీసా పెట్టి కాకు తెరవాలి. పెట్రోలు తెగకుండా ధారగా పడాలి. చుక్కలు చుక్కలుగా పడితే కాకులోని జల్లెడ మూసుకుంది. మెయినులో దగ్గి రిజర్వులో బాగుంటే ట్యాంకులో పెట్రోలు తగ్గింది, లేదా మెయిను గొట్టం మూసుకుంది. మెయినులో బాగుండి రిజర్వుకు మార్చగానే దగ్గితే ట్యాంకు అడుగున మడ్డి గానీ నీళ్లు గానీ ఉన్నట్టు.

తర్వాత కార్బొరేటర్ అడుగున ఉండే ఫ్లోటు గిన్నెలోని పెట్రోలును గాజు సీసాలోకి దించి వెలుతురులో చూడండి. అడుగున గోళీల్లా దొర్లే బొట్లు కనిపిస్తే అవి నీళ్లు. ఎర్రటి పొడి కనిపిస్తే ట్యాంకు లోపల తుప్పు. ఈ ఒక్క పరీక్షతో చాలా బండ్ల దగ్గు తెలిసిపోతుంది.

ఈ నీళ్ల సంగతి ఇప్పుడు మరింత పట్టించుకోవాలి. 2023 ఫిబ్రవరి నుంచి దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. 2025 నాటికి అది దేశమంతటా వచ్చింది. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. కొంతవరకు నీళ్లు అందులో కలిసిపోయి కనిపించవు. హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి. కాలవలు, వరిచేల మధ్య తేమగాలి తిరిగే మన డెల్టాలో సగం ట్యాంకు పెట్రోలుతో నెలల తరబడి బండిని నిలబెట్టడం మంచిది కాదు. నిలబెట్టక తప్పకపోతే ట్యాంకు నిండా పోయించి, మూత గట్టిగా బిగించి, కార్బొరేటరులో ఉన్నది దించేయాలి.

ఇథనాల్‌తో రెండో సంగతి కూడా ఉంది. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. పాత కార్బొరేటర్ జెట్టుకు ఈ తేడా తెలియదు. పాత లెక్క ప్రకారమే పోస్తుంది. దాంతో మిశ్రమం కాస్త పల్చనవుతుంది. మంచి బండికి ఇది పెద్దగా తెలియకపోవచ్చు. అప్పటికే ఎక్కడో దొంగగాలి లాగుతున్న బండికి మాత్రం ఈ కొంచెం పల్చనే మిస్సుగా బయటపడుతుంది. పాత రబ్బరు పైపులు, వాషర్లు కూడా ఉబ్బడం, పగలడం జరుగుతుంటుంది. పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని కేంద్ర ప్రభుత్వమే 2025 ఆగస్టులో చెప్పింది. పెట్రోలు పైపును వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. అదేమంత ఖరీదైన సామాను కాదు.

బోరు చేయించినా ఆగిన బండి

ఇందాక వదిలేసిన కథ ఇది. షెడ్లలో తరచూ వినిపించేదే. బండి రెండు కిలోమీటర్లు బాగా పోతుంది. తర్వాత దగ్గి ఆగుతుంది. యజమాని చెట్టుకింద కూర్చుని చెమట తుడుచుకునేలోగా మళ్లీ స్టార్టవుతుంది. ఆయన ప్లగ్గు మార్చాడు. కార్బొరేటర్ కడిగించాడు. చివరికి అప్పు చేసి బోరు కూడా చేయించాడు. బండి మళ్లీ అదే మైలురాయి దగ్గర ఆగింది.

కారణం ట్యాంకు మూత. మూతలో సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగినకొద్దీ ఆ దారిన గాలి లోపలికి వెళ్లాలి. దుమ్ము పట్టి గానీ, కందిరీగ మట్టి మెత్తి గానీ ఆ రంధ్రం మూసుకుంటే ట్యాంకులో గాలి పీడనం తగ్గి పెట్రోలు దిగడం మానేస్తుంది. కాసేపు ఆగితే సందుల్లోంచి కొంచెం కొంచెంగా గాలి చేరి, బండి మళ్లీ బయల్దేరుతుంది. దీనికి మందు గుండుసూది!

అయితే ఇదే లక్షణం కాయిలు పాడైనా కనిపిస్తుంది. లోపలి సన్నతీగ వేడికి సాగి ఎక్కడో తెగుతుంది. చల్లారాక మళ్లీ కలుస్తుంది. మరి రెండింటినీ వేరు చేసేదెలా? బండి ఆగిన క్షణంలోనే చూడాలి. వెంటనే ట్యాంకు మూత తెరవండి. ‘స్స్’ మని గాలి లాగి, కాసేపట్లో బండి స్టార్టయితే దోషం మూతది. మూత తీసినా లాభం లేకపోతే మూత మళ్లీ బిగించి, ప్లగ్గు విప్పి నిప్పు చూడండి. వేడి మీద నిప్పు లేక, చల్లారాక వస్తుంటే కాయిలో, పాయింట్ల బండి అయితే కండెన్సరో, ఆ తర్వాతి తరం బండి అయితే పికప్ కాయిలు, సీడీఐ పెట్టెలో అనుమానించాలి. షెడ్డుకు తీసుకెళ్లేసరికి బండి చల్లారిపోతుంది. మెకానిక్‌కు అన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకే దారిలో మీరు చూసిన సంగతి ఆయనకు తప్పకుండా చెప్పాలి.

ప్లగ్గు చెప్పే జాతకం

ఇంటి ముందు స్లోలో నడిపి ప్లగ్గు చూస్తే సరైన రంగు తెలియదు. దగ్గు వచ్చే స్పీడులో కొంతదూరం పోయి, క్లచ్చి పట్టి ఇంజను ఆపి, పక్కన నిలిపి అప్పుడు విప్పాలి. మొన లేత ఇటుక రంగులో ఉంటే మంట బాగున్నట్టు. పొడిమసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా నిప్పు చాలడం లేదు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకున్నా ఇదే మసి. నూర్పిళ్ల రోజుల్లో కళ్లాల దగ్గర తిరిగే బండ్లకు ఇది మరీ ఎక్కువ. మొన తెల్లగా కాలితే మిశ్రమం పల్చనైంది. నల్లగా జిడ్డుగా తడిసి ఉంటే ఆయిలు లోపలికి వస్తోంది. పెట్రోలులో ఆయిలు కలిపి పోసుకునే రెండు స్ట్రోకుల బండ్లలో చెయ్యి జారి ఆయిలు ఎక్కువ పోసినా ఈ జిడ్డే కనిపిస్తుంది.

ప్లగ్గు గ్యాపు చాలా 100 సీసీ బండ్లకు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. కొలత బిళ్ల లేనివాళ్లు ఇనుము కోసే రంపపు బ్లేడును వీపువైపు నుంచి దూర్చి చూసుకోవచ్చు. అరిగిన ప్లగ్గులో గ్యాపు పెరుగుతుంది. గ్యాపు పెరిగితే నిప్పు దూకడానికి కాయిలు మరింత కష్టపడాలి. ఖాళీగా బాగుండి బరువెక్కగానే దగ్గే బండ్లలో ఇదొక ముఖ్య కారణం.

బయట నిప్పు కనిపించింది కదా అని ప్లగ్గు మంచిదని తీర్పు చెప్పేయకండి. బయటి గాలిలో తేలిగ్గా దూకే నిప్పు, సిలిండరు లోపలి ఒత్తిడిలో దూకలేకపోవచ్చు. అనుమానం ఉంటే మీ బండికి చెప్పిన నంబరు ప్లగ్గే కొత్తది ఒకటి పెట్టి చూడాలి. అది మారిస్తే మరేదీ ముట్టుకోకూడదు.

చీకట్లో చూడండి

ఖర్చులేని మరో పరీక్ష ఇది. రాత్రిపూట లైట్లు ఆర్పి, చీకట్లో బండి స్టార్టు చేసి కాయిలు నుంచి ప్లగ్గు దాకా ఉన్న లావుపాటి తీగను చూడండి. చేత్తో ముట్టుకోవద్దు. తీగ మీద గానీ క్యాపు చుట్టూ గానీ నీలిరంగు నిప్పులు పాకుతుంటే కరెంటు అక్కడే కారిపోతోంది. తీగపై కాస్త నీళ్లు చిలకరిస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. చాలాసార్లు తీగ మొన లోపల చిలుము పడుతుంది. ఇంజను ఆపి, క్యాపు విప్పి, తీగను అర సెంటీమీటరు కోసి మళ్లీ బిగిస్తే చాలు. క్యాపు పగిలితే మాత్రం మార్చాలి.

పాయింట్ల బండ్ల పద్ధతి వేరు

1955 నుంచి మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, మైసూరు నుంచి వచ్చిన జావా, యెజ్డీ, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్.. ఈ తరం బండ్లలో నిప్పు వేళను నిర్ణయించేవి పాయింట్లు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100 తరంతో పాయింట్లు పోయి సీడీఐ వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లతో కార్బొరేటర్ కూడా దాదాపు మాయమైంది. అయినా మన ఊళ్లలో ఆ తరాలన్నీ ఇంకా రోడ్డు మీద కనిపిస్తూనే ఉన్నాయి.

పాయింట్ల గ్యాపు పాత బుల్లెట్లకు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, యెజ్డీ, రాజ్‌దూత్‌లకు సుమారు 0.4. పాయింట్ల మొహం గుంటలు పడితే సన్నటి ఆకురాయితో సమం చేసి, పెట్రోలు గుడ్డతో తుడవాలి. ఇంజను నడుస్తుండగా పాయింట్ల దగ్గరే పెద్ద నిప్పులు ఎగురుతుంటే కండెన్సరు పోయినట్టు. అది మార్చకుండా పాయింట్లు ఎన్నిసార్లు మార్చినా మళ్లీ కాలిపోతాయి.

బాగా అరిగిన బండిలో ఇంకో మెలిక ఉంది. గ్యాపు సరిచేసి నాలుగు రోజులు కాకముందే మళ్లీ తప్పుతుంటుంది. దోషం పాయింట్లది కాదు, వాటిని తిప్పే ఇరుసుది. ఇరుసును పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. ఊగితే బుష్ గానీ బేరింగు గానీ అరిగింది. దాని సంగతి చూడనిదే గ్యాపు నిలవదు.

దొంగగాలి

కార్బొరేటరుకు, ఇంజనుకు మధ్య ఉన్న రబ్బరు, గాస్కెట్ పగిలితే లెక్కలో లేని గాలి లోపలికి వస్తుంది. బండి స్లోలో నిలవదు. యాక్సిలేటరు వదిలినప్పుడు సైలెన్సరు పేలుతుంది. సబ్బునీళ్లు బ్రష్‌తో ఆ అతుకుల చుట్టూ రాయండి. ఇంజను శబ్దం ఒక్కసారి మారితే దొంగ దొరికినట్టే. దీనికి పెట్రోలు మాత్రం ఎప్పుడూ చల్లకూడదు.

జెట్టు మూసుకుంటే గాలి కొట్టి శుభ్రం చేయాలి. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై కొత్త రోగం మొదలవుతుంది. గాలి స్క్రూ విప్పేముందు అది ఎన్ని చుట్లు తెరిచి ఉందో లెక్కపెట్టి రాసుకోవాలి. ఈ ఒక్కటి మరిచిపోయి బండిని పాడుచేసుకున్నవాళ్లు ఎందరో.

ఇంజను వంతు చివరనే

పైవన్నీ చూశాకే ఇంజను సంగతి. నాలుగు స్ట్రోకుల బండ్లలో ముందు ట్యాపెట్లు చూడాలి. అవి బిగుసుకుంటే వాల్వు పూర్తిగా మూసుకోక వేడి మీద మిస్సు వస్తుంది. ఇంజను బాగా చల్లారాక, బండి పుస్తకంలో చెప్పిన కొలతకు సరిచేయించాలి.

తర్వాత నొక్కుడు. ప్లగ్గు బిగించి, స్విచ్చి ఆపి, కిక్కు రాడ్డును చేత్తో నిదానంగా నొక్కండి. మంచి ఇంజను ఒకచోట గట్టిగా ఎదురుతన్నుతుంది. మెత్తగా దిగిపోతే నొక్కుడు లేనట్టే. అప్పుడు ప్లగ్గు రంధ్రంలో చిన్న చెంచా ఇంజను ఆయిలు పోసి, రెండు మూడు కిక్కులు కొట్టి, ప్లగ్గు బిగించి మళ్లీ చూడండి. బిగువు పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. నాలుగు స్ట్రోకుల బండి అదేపనిగా నీలిపొగ వదులుతూ, ప్లగ్గు వారానికోసారి జిడ్డు పడుతుంటే అనుమానం లేదు. ఎన్ని ప్లగ్గులు మార్చినా లాభం ఉండదు, ఇంజను దించాల్సిందే. రెండు స్ట్రోకుల బండిలో అయితే బోరుతోపాటు క్రాంకు ఆయిల్ సీళ్లు కూడా చూడమని అడగండి. అవి పోతే దొంగగాలీ వస్తుంది, గేరుబాక్సు ఆయిలూ మండుతుంది.

ఒకసారి ఒక్కటే

పాత బండికి వైద్యంలో ముఖ్యమైన నియమం ఒక్కటే. ఒకసారికి ఒక్క పనే చేయాలి. చేశాక ఎప్పుడూ దగ్గు వచ్చే దారిలోనే, అదే బరువుతో నడిపి చూడాలి. పూర్తిగా పోకపోయినా తగ్గిందా? అయితే ఆ పని వృథా కాదు. అందులో ఒక వాటా తీరిందని రాసుకుని తర్వాతి దానికి వెళ్లాలి. ఏమీ తేడా రాకపోతే పాత సామానే మళ్లీ పెట్టి, కొత్తది దాచుకోవచ్చు. తీసిన సామాను షెడ్డులో వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి.

జాగ్రత్తలు మాత్రం మరువద్దు. పెట్రోలు దించేటప్పుడు బీడీ, దీపం, పొయ్యి దగ్గర లేకుండా చూసుకోవాలి. ఇంజను వేడిగా ఉంటే కాసేపు ఆగాలి. నిప్పు పరీక్షకు ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని ఇనుప ఒంటిని ఇంజనుకు ఆనించే కిక్కు కొట్టాలి. తీగను గాల్లో వదిలేసి కొడితే సీడీఐ, కాయిలు దెబ్బతింటాయి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఆనించాలి, లేకపోతే అందులోంచి చిమ్మే పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. దగ్గుతున్న బండితో రైలు గేటు దాటే సాహసం చేయొద్దు. దిగి, ఇంజను ఆపి, పట్టాలు ఖాళీగా ఉన్నప్పుడు తోసుకుంటూ దాటడం మేలు.

ఈసారి గేటు దగ్గర బండి ఆగి, చుట్టూ ముగ్గురు చేరితే ముగ్గురి మాటా వినండి. వింటూనే ముందు ట్యాంకు మూత తెరిచి చూడండి.